రోజు కోటా అయిపోయాక కూడా వినబడాలంటే: ఏ కోడెక్, ఎంత బిట్‌రేటు?

రోజుకు ఒకటిన్నర జీబీ, రెండు జీబీ ఇచ్చే ప్రీపెయిడ్ ప్యాకులో కోటా అయిపోతే నెట్ పూర్తిగా ఆగిపోదు. వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. మారతహళ్లి పీజీల్లో ఉండే కుర్రాళ్లకైనా, వైట్‌ఫీల్డ్ అవతల అపార్టుమెంట్లు కట్టడానికి అనంతపురం నుంచి వచ్చిన మేస్త్రీలకైనా రాత్రి భోజనాల వేళకి చాలాసార్లు మిగిలేది అదే. ఆ వేగం మీద వీడియో కదలదు. 128 కేబీపీఎస్‌లో పెట్టిన పాట ఎంతసేపు పాడుతుందో అంతసేపు ఆగుతుంది. మనిషి మాట మాత్రం, పొందిగ్గా కుదిస్తే, అందులో సగం కూడా వాడుకోకుండా వెళ్లిపోతుంది.

బెంగళూరు నుంచి తెలుగులో ఆన్‌లైన్ రేడియోలు, పాడ్‌కాస్టులు, ఆడియో కథలు, ప్రవచనాలు పెట్టేవాళ్లని తొలిచే ప్రశ్న ఏ కోడెక్ (ధ్వనిని కుదించి, మళ్లీ విప్పే పద్ధతి) వాడాలన్నది. జవాబు చిన్నదే. మాటకి ఓపస్, మోనో, 16 నుంచి 24 కేబీపీఎస్. ఓపస్ ఆడని ఫోన్ల కోసం పక్కనే ఒక ఎంపీ3. ఇంత తేలిక జవాబు ఉన్నా వినేవాడి ఫోన్లో చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఎందుకంటే తప్పులు ఎక్కువగా కోడెక్‌లో జరగవు. దానికి ముందు రికార్డింగులో జరుగుతాయి, దాని తర్వాత ఫైలు కట్టే తీరులో, వెబ్ పేజీలో, సర్వర్లో జరుగుతాయి.

ముందు లెక్క

కేబీపీఎస్ అంటే సెకనుకు కిలోబిట్లు. ఫైలు సైజు చెప్పే కేబీ అంటే కిలోబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 64 కేబీపీఎస్ లైను మీద సెకనుకు వచ్చేది 8 కేబీ. ఈ రెంటినీ కలగాపులగం చేయడం, లేదా "64 ఉంది కదా, 48లో పెడితే సరిపోతుంది" అనుకోవడం దగ్గరే సగం కథ చెడుతుంది.

16 కేబీపీఎస్ ఆడియో సెకనుకు 2 కేబీ, గంటకు 7.2 ఎంబీ. 24 అయితే గంటకు 10.8 ఎంబీ, 32 అయితే 14.4, మామూలు 128 అయితే 57.6. లైను 64 ఉన్నప్పుడు స్ట్రీము 32 దాటకూడదు, 24 లోపు ఉంటే నిశ్చింత. కారణం బఫరు. స్ట్రీము 24, లైను 64 అయితే ఒక్క సెకనులో దాదాపు 2.6 సెకన్ల ఆడియో దిగుతుంది. ఒక సెకను వినేస్తే 1.6 సెకన్లు నిల్వ పడుతుంది. ఇరవై సెకన్లు సవ్యంగా నడిస్తే అర నిమిషం నిల్వ. నమ్మ మెట్రో పర్పుల్ లైను కబ్బన్ పార్కు నుంచి మెజెస్టిక్ దాకా నేల కింద పోతుంది. అక్కడ సిగ్నల్ తడబడినా ఆ నిల్వ కాస్తుంది. హిందూపురం వైపు రైల్లో టవరు మారినప్పుడు కాసేది కూడా అదే. స్ట్రీము 48 అయితే సెకనుకు మిగిలేది మూడో వంతు. వెనకాల వాట్సాప్ ఒక్క ఫొటో దించుకోవడం మొదలెట్టిందంటే అదీ ఆవిరి.

ఆలస్యం సంగతి వేరు. 2జీ లైను మీద ఒక కబురు సర్వర్‌కి వెళ్లి తిరిగి రావడానికి అర సెకను, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. పేరు వెతకడానికి ఒక రానూపోనూ, కనెక్షన్‌కి ఒకటి, భద్రతా తాళాలకి టీఎల్ఎస్ 1.3 అయితే ఒకటి, 1.2 అయితే రెండు, చివర ఫైలు అడగడానికి ఒకటి. మొదటి బైటు చేతికొచ్చేసరికే రెండు, రెండున్నర సెకన్లు గడిచిపోతాయి. ఆడియోని వేరే డొమైన్ మీద పెడితే ఈ తంతంతా మళ్లీ మొదటి నుంచి. కోడెక్ మారిస్తే తగ్గే జబ్బు కాదిది. పేజీ ఉన్న డొమైన్ మీదే ఆడియో పెట్టడం దీనికి చవకైన మందు.

ఓపస్ ఎందుకు

ఓపస్ 2012లో ఆర్ఎఫ్‌సీ 6716గా ప్రమాణమైంది. నిజానికి ఇది ఒక్క కోడెక్ కాదు, రెండు కలిసి కాపురం చేస్తున్నవి. ఒకటి స్కైప్ నుంచి వచ్చిన సిల్క్. గొంతు, నాలుక, పెదవులు కలిసి చేసే పనిని ఒక ఫిల్టరుగా లెక్కగట్టి, ఆ ఫిల్టరు అంకెల్ని, గొంతు స్థాయిని పంపుతుంది. మాటకి అందుకే అంత తక్కువ బిట్లు చాలు. రెండోది జిఫ్ సంస్థ వాళ్ల సెల్ట్. ధ్వనిని పౌనఃపున్యాలుగా విడగొట్టి పంపుతుంది, సంగీతానికి అదే కావాలి. బిట్‌రేటును బట్టి, వినబడుతున్నదాన్ని బట్టి ఎన్‌కోడరే ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుతుంది. మధ్యలో రెండూ కలిసి పనిచేసే పద్ధతి కూడా ఉంది. కింది పౌనఃపున్యాలు సిల్క్ చూసుకుంటుంది, 8 కిలోహెర్ట్జ్ పైవి సెల్ట్ చూసుకుంటుంది.

ప్రమాణ పత్రంలోని సిఫారసు ఇలా ఉంటుంది: టెలిఫోను స్థాయి మాటకి 8 నుంచి 12, 8 కిలోహెర్ట్జ్ దాకా వినిపించే మాటకి 16 నుంచి 20, పూర్తి పౌనఃపున్యాల మాటకి 28 నుంచి 40, మోనో సంగీతానికి 48 నుంచి 64 కేబీపీఎస్. ఇవి 2012 నాటి అంకెలు. ఓపస్ ఎన్‌కోడర్ లైబ్రరీ లిబ్‌ఓపస్‌లో 2018లో వచ్చిన 1.3 వెర్షన్ తక్కువ రేట్ల దగ్గర బాగా మెరుగుపడింది, 9 కేబీపీఎస్‌కే 8 కిలోహెర్ట్జ్ మాట ఇవ్వగలదు. "12లో పెడితే డబ్బాలోంచి మాట్లాడినట్టుంది" అనేవాళ్లు ముందు చూసుకోవాల్సింది తమ సర్వర్లో లిబ్‌ఓపస్ ఏ వెర్షనో. పాత లైనక్స్ సర్వర్‌ని కదపకుండా ఏళ్ల తరబడి నడిపేచోట్ల ఇదే దొరుకుతుంది.

ఓపస్ నాణ్యత మీద అనుమానం ఉంటే వాట్సాప్ వాయిస్ మెసేజ్ ఒకటి వినండి. అది ఓపసే. ఊళ్లో ఉన్న అమ్మమ్మలు కూడా రోజూ వింటున్న ధ్వని అది.

ఎన్‌కోడ్ చేసేటప్పుడు పెట్టాల్సినవి: చానళ్లు 1, బిట్‌రేటు 16కే లేదా 20కే, వీబీఆర్ (అవసరాన్ని బట్టి మారే బిట్‌రేటు) ఆన్, ఫ్రేము నిడివి 60 మిల్లీసెకన్లు. లైవ్ ఫోన్ సంభాషణ కాదు కాబట్టి 60తో వచ్చే ఆలస్యం ఎవరికీ పట్టదు, మామూలు 20తో పోలిస్తే ప్యాకెట్ల సంఖ్య మూడో వంతుకి తగ్గుతుంది. కాంప్లెక్సిటీ 10. అప్లికేషన్ అనే ఆప్షన్‌లో ఒట్టి మాటే అయితే వాయిప్, మధ్యమధ్య సంగీతం ఉంటే ఆడియో. తయారైన ఫైలు చూస్తే 48 కిలోహెర్ట్జ్ అని ఉంటుంది. మనం 16 కిలోహెర్ట్జ్ ఇచ్చాం కదా అని కంగారు పడక్కర్లేదు. ఓపస్ బయటికి చెప్పేది ఎప్పుడూ 48 లెక్కే. దాని కోసం బిట్లేమీ వృథా కావు.

మిగతావాళ్లు

హెచ్ఈ-ఏఏసీ, చాలామందికి ఏఏసీ ప్లస్‌గా తెలిసినది, సంగీత రేడియోలకి ఇప్పటికీ గట్టి ఎంపికే. ఇది కింది సగం పౌనఃపున్యాలనే నిజంగా పంపుతుంది. పై సగాన్ని కింది సగం నకలుతో అల్లి, ఏ స్థాయిలో ఉండాలో కొన్ని అంకెలు మాత్రం జతచేస్తుంది. రెండో వెర్షనైతే స్టీరియోని కూడా ఇలాగే మోనో మీద అంచనా అంకెలతో కడుతుంది. 32 కేబీపీఎస్ దగ్గర సినిమా పాట వినగలిగేలా ఉండేది ఈ ఉపాయం వల్లే. ఆండ్రాయిడ్లు, ఐఫోన్లు అన్నీ దీన్ని ఆడతాయి.

రెండు గోతులున్నాయి. ఆడియో ఫైళ్లు మార్చే ఉచిత ప్రోగ్రాము ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో మామూలుగా వచ్చే ఏఏసీ ఎన్‌కోడర్‌కి హెచ్ఈ రాదు. 24 అని ఇస్తే సాదా ఏఏసీనే పిండి పిప్పిచేసి ఇస్తుంది. ఏఏసీ బాగోలేదని చాలామంది తీర్పు చెప్పేది అది విన్నాకే. హెచ్ఈ కావాలంటే ఫ్రాన్‌హోఫర్ వాళ్ల ఎఫ్‌డీకే లైబ్రరీతో ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ని ప్రత్యేకంగా బిల్డ్ చేసుకోవాలి. లైసెన్సు కారణంగా రెడీమేడ్ ప్యాకేజీల్లో సాధారణంగా అది ఉండదు. మ్యాక్ ఉంటే దాని సొంత ఎన్‌కోడర్ హెచ్ఈ ఇస్తుంది. రెండో గొయ్యి, ఫైలు హెచ్ఈ అని గుర్తించలేని ప్లేయరు దొరకడం. అప్పుడది కింది సగమే ఆడుతుంది, ధ్వని దుప్పటి కప్పినట్టు ఉంటుంది.

ఎంపీ3 ముసలిదే కానీ దాన్ని ఆడని పరికరం లేదు. పేటెంట్ల గోల కూడా 2017తో ముగిసింది. తక్కువ రేట్ల దగ్గర దాన్ని 44.1 కిలోహెర్ట్జ్ మీద నడపడమే అందరూ చేసే తప్పు. 22.05 లేదా 24 కిలోహెర్ట్జ్‌కి దించి, మోనోలో, 32 కేబీపీఎస్ సీబీఆర్ (మారని బిట్‌రేటు) ఇస్తే మాట శుభ్రంగా ఉంటుంది. 24 కేబీపీఎస్ దగ్గర నీళ్ల చప్పుడు మొదలవుతుంది. 16 దగ్గర ఎంపీ3 అడగడం ఎద్దుని పాలివ్వమన్నట్టు.

ఎక్స్‌హెచ్ఈ-ఏఏసీ కాగితం మీద అందరికన్నా మేటి, మాటనీ పాటనీ ఒకే చేత్తో పడుతుంది. ఆండ్రాయిడ్ 9 నుంచి, ఐఓఎస్ 13 నుంచి డీకోడర్ ఉంది. ఆకాశవాణి మీడియం వేవ్ మీద పంపే డీఆర్‌ఎం డిజిటల్ రేడియో ప్రమాణంలోనూ దానికి చోటుంది. కానీ చిన్న బృందాల చేతికందే ఉచిత ఎన్‌కోడర్ పరిస్థితి అంతంతమాత్రం, కంప్యూటర్ బ్రౌజర్ల మీద భరోసా లేదు. 3 కేబీపీఎస్, అంతకన్నా తక్కువలో మాటనిచ్చే నాడీజాల (న్యూరల్ నెట్‌వర్క్) కోడెక్‌లు గూగుల్, మెటా విడుదల చేశాయి. బ్రౌజర్లో వాటిని ఆడించాలంటే ముందు డీకోడర్ ప్రోగ్రామునీ, మోడల్‌నీ దించుకోవాలి. ఆ దించే బరువుతో ఓపస్‌లో చాలా నిమిషాల కథ వినేయొచ్చు. ఫోన్లలో వాడే ఏఎంఆర్, హ్యాం రేడియో వాళ్ల కోడెక్ 2 బ్రౌజర్లలో ఆడవు.

తెలుగు మాట ఎక్కడ దెబ్బతింటుంది

ఇంగ్లీషు మాటతో పరీక్షించి అంతా బాగుందనుకుంటే తెలుగులో మోసపోతాం. స లో ఉండే హోరు చాలావరకు 4 కిలోహెర్ట్జ్ పైన ఉంటుంది, శ లోది అంతకన్నా కింద మొదలవుతుంది. పాత టెలిఫోను 3.4 దగ్గరే కోసేసేది. అందుకే ఫోన్లో పేరు చెప్పాలంటే "శివుడి శ" అని విడమరిచేవాళ్లం. 8 కిలోహెర్ట్జ్ దాకా వినిపించే స్థాయికి వస్తేనే ఈ అక్షరాలు నిలబడతాయి. ఓపస్‌లో 12 కేబీపీఎస్ కిందికి దిగొద్దని చెప్పడానికి ఇదొక్కటి చాలు. వార్తలు చదివేచోట, ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు వచ్చేచోట 16 తగ్గించకండి.

ట, త ల తేడా ఇంకా సున్నితం. నాలుక మడత పడ్డప్పుడు మూడో ఫార్మాంట్ (నోటి ఆకారం వల్ల బలపడే పౌనఃపున్యాల్లో మూడోది) కిందికి వంగుతుంది. అక్షరం పేలే క్షణం, దాని పక్క అచ్చులోకి జారే కొన్ని పదుల మిల్లీసెకన్లు, చెవి గుర్తుపట్టేది ఆ కొంచెంలోనే. ఎంపీ3 22.05 కిలోహెర్ట్జ్ మీద నడిచేటప్పుడు ఒక్కో దిమ్మె 576 శాంపిళ్లు, అంటే 26 మిల్లీసెకన్లు. బిట్లు చాలనప్పుడు ఆ పేలుడు తాలూకు రొద దిమ్మె అంతటా, పేలుడుకి ముందుకి కూడా పరుచుకుంటుంది. అప్పుడు "అట్ట" వింటున్నామో "అత్త" వింటున్నామో సందర్భాన్ని బట్టి ఊహించుకోవాల్సి వస్తుంది. కోట, కోత. పీట, పీత. వేల, వేళ. కల, కళ. సకలం, శకలం. ఇలాంటి జంటలు ఒక ముప్పై రాసుకుని, వరస కలిపేసి, స్పష్టంగా పలికే మనిషితో చదివించి రికార్డు చేసుకోండి. ఏ కోడెక్‌నైనా కొలవడానికి ఇంతకు మించిన తూకపు రాయి లేదు.

సంగీతం వస్తే లెక్క మొత్తం మారుతుంది. తంబురా నాదంలో జీవారి (తీగల కింద దారంతో తెచ్చే ఝంకారం) వల్ల పుట్టే పై స్వరాలు దట్టంగా, కదలకుండా ఉంటాయి. పై సగాన్ని నకలుతో అల్లే హెచ్ఈ-ఏఏసీ చేతిలో ఆ స్వరాలు ఉండాల్సిన చోటికి పక్కగా పడి, శ్రుతికి చిన్న తుప్పు పట్టినట్టు వినిపిస్తాయి. సిల్క్ అయితే తంబురాని గొంతు అనుకుని తికమక పడుతుంది. కచేరీ రికార్డింగుకి ఓపస్ మోనో 48, అప్లికేషన్ ఆడియో. దానికి లైను చాలనివాళ్లకి లైవ్ వద్దు, దించుకుని వినే బటన్ ఇవ్వండి.

అన్నిటికన్నా మొండిది హరికథ. దాసుగారు మాట్లాడుతూ మాట్లాడుతూ పాటలోకి జారతారు. వయొలిన్, మృదంగం వెనకే వస్తాయి. చేతిలో చిడతలు టక్కుటక్కుమంటాయి. ఎన్‌కోడర్ మాట అనుకోవాలా పాట అనుకోవాలా తేల్చుకోలేక అటూఇటూ దూకుతుంది, దూకిన ప్రతిసారీ ధ్వని రంగు మారుతుంది. చిడత దెబ్బ ప్రతిదీ ఒక చిన్న పేలుడు, బిట్లన్నీ అది తినేస్తుంది, పక్కనున్న మాట పలచబడుతుంది. 24 దగ్గర ఇది భరించలేం. 32 ఇచ్చి, అప్లికేషన్ ఆడియో పెట్టి, మిక్సింగులోనే చిడతల్ని మూడు నాలుగు డెసిబెల్స్ తగ్గిస్తే మాట పైకి తేలుతుంది.

ఎన్‌కోడర్ దాకా రాకముందే

కోడెక్‌కి సీలింగ్ ఫ్యాన్ హోరు, కథ చెప్పే గొంతు రెండూ ధ్వనే. తేడా తెలీదు. 16 కేబీపీఎస్‌లో ఫ్యాన్‌కి పోయిన ప్రతి బిట్టూ మాటకి తగ్గినట్టే. పైగా హోరు లాంటి క్రమం లేని ధ్వనిని కుదించడం కష్టం, అది గుడగుడమని నీళ్లు మరిగినట్టు తయారవుతుంది. రికార్డు చేసే పది నిమిషాలు ఫ్యాను ఆపండి, కిటికీ వేయండి. ఖాళీ గది మోత కూడా అంతే చెరుపు చేస్తుంది. మైకు వెనక గోడకి ఒక బొంత వేలాడదీస్తే మోత సగం తగ్గుతుంది. తర్వాత 80 హెర్ట్జ్ కింద కోసేయండి, రొద తగ్గించే ఫిల్టరు ఉంటే సున్నితంగానే వాడండి. గట్టిగా వాడితే అదే గుడగుడ ముందే పుడుతుంది.

పైకీ కిందికీ లేచే గొంతుని కంప్రెసర్‌తో సమం చేసి, మోనోకి, ధ్వని ఎంత గట్టిగా వినబడుతుందో కొలిచే లెక్కలో, మైనస్ 19 ఎల్‌యూఎఫ్ఎస్ దగ్గర పెట్టండి. శిఖరాలు మైనస్ 2 డెసిబెల్స్ దాటనీయకండి, కుదింపులో అవి ఇంకొంచెం పైకి తన్నుతాయి. చవక ఫోను స్పీకరు మీద బస్సులో వినేవాడికి ఈ ఒక్క మెట్టు 8 కేబీపీఎస్ అదనంగా ఇచ్చినంత మేలు చేస్తుంది.

స్టీరియోని మోనో చేసేటప్పుడు ఒక వింత చూడొచ్చు. కొన్ని మిక్సర్ల నుంచి తీసిన రికార్డింగులో ఒక చానల్ తిరగబడి ఉంటుంది. రెండూ కలపగానే గొంతు మాయమై, బావిలోంచి వచ్చినట్టు గది మోత మాత్రం మిగులుతుంది. ఇయర్‌ఫోన్లలో విన్నప్పుడు ఇది తెలియదు. అలాంటప్పుడు కలపకుండా ఒక చానల్ మాత్రమే తీసుకోండి.

శ్రోతలు పంపే వాట్సాప్ వాయిస్ మెసేజులు కార్యక్రమంలో వేస్తుంటారు. అవి ఒకసారి ఓపస్‌లో నలిగినవే, మళ్లీ 16లో పెడితే రెండోసారి నలుగుతాయి. ఆ భాగం ఎక్కువున్న ఎపిసోడ్‌కి 24 ఇవ్వండి. మీ సొంత రికార్డింగుకి అసలు ప్రతిని నాణ్యత పోకుండా కుదించే ఫ్లాక్‌లో దాచుకోండి. ఎంపీ3 నుంచి ఓపస్ చేయడం జిరాక్సుకి జిరాక్సు తీసినట్టే.

ఫైలు కట్టే తీరులో దొంగలు

16 కేబీపీఎస్ ఆడియో అంటే వైరు మీద 16 కాదు. ఓపస్‌ని సాధారణంగా ఆగ్ అనే డబ్బాలో పెడతారు. ఆ డబ్బాలో ప్రతి పేజీకి 27 బైట్ల శీర్షిక, లోపలి ప్రతి ప్యాకెట్‌కీ ఇంకో బైటు. 20 మిల్లీసెకన్ల ప్యాకెట్లు యాభై కలిపి సెకనుకి ఒక పేజీ చేస్తే ఖర్చు 77 బైట్లు, అంటే 0.6 కేబీపీఎస్. లెక్కలోకి రాదు. ఆలస్యం తగ్గిద్దామని ఒక్కో ప్యాకెట్‌కీ ఒక్కో పేజీ చేసే సెట్టింగు పెట్టారనుకోండి, సెకనుకు 28 ఇంటూ 50, 1400 బైట్లు, 11.2 కేబీపీఎస్. 16 స్ట్రీము 27 అయింది, శ్రోతకి ఒరిగింది సున్నా. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో పేజ్ డ్యూరేషన్ అనే ఆప్షన్ మామూలుగా ఒక సెకనే ఉంటుంది, దాన్ని కదపకండి.

వెబ్ఆర్‌టీసీ (బ్రౌజర్లో లైవ్ కాల్స్ నడిపే పద్ధతి) మీద ప్రసారం చేద్దామనేవాళ్లకి ఇదే లెక్క ఇంకా చేదు. ప్రతి ప్యాకెట్ మీదా ఐపీ, యూడీపీ, ఆర్‌టీపీ శీర్షికలు కలిపి 40 బైట్లు. 20 మిల్లీసెకన్లకొకటి పంపితే శీర్షికలకే 16 కేబీపీఎస్, ఆడియో ఎంతో పైఖర్చు అంత. వినడం మాత్రమే ఉన్నచోట దాని జోలికి పోవద్దు.

ఏఏసీని ఎం4ఏ ఫైలుగా పెట్టేవాళ్లకి కనబడని దెబ్బ మూవ్ అనే విషయసూచిక. ప్రతి ఫ్రేము సైజూ అందులో 4 బైట్ల చొప్పున రాసి ఉంటుంది. 44.1 కిలోహెర్ట్జ్ హెచ్ఈ-ఏఏసీలో సెకనుకు ఇరవైఒకటిన్నర ఫ్రేములు, గంటకు దాదాపు 77,500. అంటే సూచికే 310 కేబీ. 64 కేబీపీఎస్ లైను మీద అది దిగడానికి దాదాపు 39 సెకన్లు. అప్పటిదాకా ఒక్క శబ్దం రాదు. పైగా మామూలుగా రాస్తే ఈ సూచిక ఫైలు చివర పడుతుంది, ప్లేయరు తోక పట్టుకుని వెనక్కి రావాలి. ఫాస్ట్‌స్టార్ట్ ఆప్షన్ దాన్ని ముందుకి తెస్తుంది కానీ బరువు తగ్గించదు. గంట ప్రవచనాన్ని పది నిమిషాల ముక్కలు చేస్తే సూచిక 52 కేబీ, ఆరున్నర సెకన్లు. ఆగ్‌కీ ఎంపీ3కీ ఈ బాధ లేదు.

ఇంకో దొంగ ముఖచిత్రం. ఎంపీ3 ట్యాగులు ఫైలు మొదట్లో ఉంటాయి, అందులో 600 కేబీ జేపెగ్ పెడితే ఆ చిత్రం దిగేదాకా, 75 సెకన్లు, ఆడియో మొదలవదు. ఓపస్‌లో అదే చిత్రం మూడో వంతు ఉబ్బి మరీ కూర్చుంటుంది. స్ట్రీమింగ్ ప్రతిలో చిత్రం తీసేయండి.

పేజీలో

ఆడియో ట్యాగు లోపల సోర్స్ వరసలో మొదట ఓపస్, తర్వాత ఎంపీ3. బ్రౌజరు పైనుంచి చూస్తూ తనకి చేతనైన మొదటిదాన్ని పట్టుకుంటుంది. పాత ఐఫోన్లు ఆగ్ డబ్బాలోని ఓపస్‌ని ఆడలేక కిందికి దిగుతాయి. ప్రతి సోర్స్‌కీ టైప్, అందులో కోడెక్ పేరుతో సహా రాయండి. రాయకపోతే బ్రౌజరు ఫైలు కొంత దించి చూస్తేగానీ తేల్చుకోదు, ఆ దించినది వృథా. ప్రీలోడ్‌ని నన్ అని పెట్టండి. పదిహేను ఎపిసోడ్లున్న పేజీలో ఇది మరిచిపోతే పదిహేను ఫైళ్లూ తలో ముక్క లాగడానికి ఒకేసారి ఎగబడతాయి. మధ్యలోంచి వినేవాళ్ల కోసం సర్వరు రేంజ్ అభ్యర్థనలకి (ఫైల్లో ఫలానా ముక్క మాత్రమే పంపమనేవి) 206 అని జవాబివ్వాలి. 200 ఇస్తోందంటే ముందుకి జరిపిన ప్రతిసారీ మొత్తం మొదటి నుంచి దిగుతుంది.

పేజీ బరువు 3 ఎంబీ ఉంటే ఓపస్ గురించి ఇంతసేపు చెప్పుకున్నది వృథా. 64 లైను మీద ఆ పేజీకి ఆరు నిమిషాలు పైనే. తెలుగు వెబ్ ఫాంటు తీసేయండి. ఫోన్లలో తెలుగు ఎలాగూ ఉంది, అందం కోసం శ్రోత ఒక నిమిషం కథ వదులుకోవాల్సిన పని లేదు.

లైవ్ అయితే

ఐస్‌కాస్ట్ అనే రేడియో సర్వరు కొత్త శ్రోత చేరగానే మామూలుగా 64 కేబీ ఒక్క గుక్కలో పంపుతుంది. 128 స్ట్రీము రోజుల్లో అది నాలుగు సెకన్ల ఆడియో. 16 స్ట్రీములో ముప్పై రెండు సెకన్లు. బఫరుకి మంచిదే, కానీ శ్రోత అర నిమిషం వెనకపడి ఉంటాడు. ఫోన్ చేసి మాట్లాడే కార్యక్రమంలో రేడియో సౌండు తగ్గించండని ఎందుకు బతిమాలతారో అప్పుడు తెలుస్తుంది. మాట్లాడే కార్యక్రమాల స్ట్రీము చిరునామాకి, అంటే మౌంట్‌కి బర్స్ట్ సైజు 20 కేబీకి దించండి, పది సెకన్లు.

ఆగ్ స్ట్రీములో పాట పేరు మారిన ప్రతిసారీ కొత్త గొలుసు మొదలవుతుంది. కొన్ని ప్లేయర్లు అక్కడ ఆగిపోతాయి. సరిగ్గా పాట మారే చోట ఆగుతోందని శ్రోతలు చెబితే పేర్లు పంపడం ఆపి చూడండి. ఫాల్‌బ్యాక్ మౌంట్ కూడా అదే కోడెక్‌లో ఉండాలి. ఓపస్ మౌంట్ పడిపోయినప్పుడు ఎంపీ3కి మళ్లిస్తే ప్లేయరుకి అది అర్థం కాని భాష. లిక్విడ్‌సోప్ లాంటి ప్రోగ్రాము ఒకే మూలం నుంచి ఓపస్ 20, ఎంపీ3 32 రెండు మౌంట్లూ పక్కపక్కనే ఇవ్వగలదు. హెచ్ఎల్ఎస్ (స్ట్రీముని చిన్న ఫైళ్లుగా కోసి పంపే పద్ధతి) ఎంచుకుంటే ముక్కలు పది సెకన్లకి తగ్గనీయకండి. టీఎస్ డబ్బా వద్దు, దాని 188 బైట్ల దిమ్మెల్లో నింపుడు చెత్త ఆడియోతో పోటీ పడుతుంది.

వినడం

బ్రౌజరు డెవలపర్ టూల్స్‌లో 50 కేబీపీఎస్, 500 మిల్లీసెకన్ల ఆలస్యం అని సొంత ప్రొఫైలు చేసుకుని మొదటి పరీక్ష పెట్టండి. అసలు పరీక్ష మాత్రం రోజు కోటా అయిపోయిన సిమ్ముతో, చవక ఆండ్రాయిడ్ ఫోన్లో, సిల్క్ బోర్డు జంక్షన్ రొదలో. ప్లే నొక్కిన దగ్గర్నుంచి మొదటి మాట వినబడేదాకా సెకన్లు లెక్కపెట్టండి. ఎనిమిది దాటితే కోడెక్‌ని కాకుండా పేజీనీ డబ్బానీ అనుమానించండి.

తర్వాత ఆ ముప్పై మాటల జంటల్ని ఇద్దరు ముగ్గురికి వినిపించి, వినబడింది వినబడినట్టు రాయమనండి. రికార్డింగు చేసిన మనిషి ఉండకూడదు, ఆయనకి జవాబులు తెలుసు. స, శ తారుమారైతే పై పౌనఃపున్యాలు పోతున్నాయని, 12 నుంచి 16కో, 16 నుంచి 20కో పెంచండి. అట్ట అత్తయితే ముందు మూలం వినండి, గది మోత ఆ పేలుడుని మింగేస్తుండొచ్చు. మూలం బాగుండి ఎంపీ3లోనే తప్పుతుంటే ఆ ప్రతిని 24 నుంచి 32కి మార్చండి. వేల, వేళ అన్నిచోట్లా తప్పుతుంటే చదివిన మనిషిని మార్చి చూడండి.